ఉప్పు నీళ్ళ బ్యాటరీ

బ్యాటరీ దగ్గర నేను దిగింది మే నెలలో, మధ్యాహ్నం రెండున్నరకు. లారీ వెనక తలుపు తెరవగానే ఎండ ముఖాన కొట్టింది. ఎండ నాకు కొత్త కాదు. మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. ఎండ విషయంలో మమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. కానీ మా ఊరి ఎండ మనిషిని ఆరబెడుతుంది. ఇది ఉడకబెట్టింది.

దించుకున్న సామాను: ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, వైర్‌లెస్ సెట్టు, దాని ఏరియల్ గొట్టాలు, రైఫిలు. ఎదురుగా ఎర్రమట్టి కొండ. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు సరుగుడు తోటల మధ్య ఒక మట్టి రోడ్డు. కొండ నెత్తిన రెండు పెద్ద సిమెంటు గుంతలు. ఒక్కో గుంతలో ఒక ఫిరంగి, మూతి సముద్రం వైపు. బూడిదరంగు పెయింటు పొరలు పొరలుగా లేచింది. ఒక ఫిరంగి మీద గువ్వలు కూర్చుని ఉన్నాయి.

ఫిరంగుల దళాన్నీ, వాటిని నిలబెట్టిన చోటునూ సైన్యంలో బ్యాటరీ అంటారు. ఈ ముక్క మా వాళ్ళకు ఎక్కించలేక చచ్చాను. పోస్టింగ్ వచ్చిందని ఫోన్ చేస్తే నాయన అంగట్లో కూర్చుని అందరికీ వినబడేటట్టు అడిగాడు.

"ఈ తూరి యాడికి వేసినారు రా?"

"సముద్రం ఒడ్డున పాత బ్యాటరీ ఉండాది నాయనా. దానికి కాపలా."

"బ్యాటరీకి కాపలానా? లారీదా, ట్రాక్టర్‌దా?"

"ఫిరంగులు నాయనా."

"పాతదంటాండావు. చార్జింగు నిలబడతాదా?"

అంగడంతా నవ్వింది. ఫోన్లో వినబడింది. మా వంశమంతా అంగళ్ళవాళ్ళే. నాయనది చిల్లర అంగడి. మేనమామది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. నేను చింతపండు, శనక్కాయలు తూచి పెరిగినవాణ్ణి. దేశభక్తితో సైన్యంలో చేరానని చెబితే మీరు నమ్ముతారేమో, మా నాయన నమ్మడు. చుట్టుపక్కల బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. రైతు చేతిలో ఏమీ లేకపోతే అంగట్లో ఇద్దరు కూర్చుని ఎవరి ముఖం చూస్తారు? నేను లేచి వచ్చేశాను. అంతే సంగతి.

కొండ మీద మేము ఐదుగురం. పైన ఒక హవల్దారు, ఉత్తరాది మనిషి, ఆర్డరు అన్న మాట వినబడితే నిద్రలో కూడా నిటారుగా అయ్యేవాడు. ఒక డ్రైవరు, మా వైపు చిలమత్తూరు వాడు. అదొక్కటే నా అదృష్టం. ఇద్దరు సిపాయిలు. నేను నాయక్‌ను, వైర్‌లెస్ ఆపరేటర్‌ను. ఆ ఫిరంగులు పేలి చాలా కాలమైంది. వాటికి సరిపడే గుండ్లు ఎక్కడా తయారు కావు. అయినా లెక్కల్లో ఉన్నాయి కాబట్టి కాపలా ఉండాలి. ఉదయం ఆరింటికి తుప్పు గోకడం మొదలు. రేకుతో గోకి, నూనె గుడ్డతో తుడిచి, గ్రీజు పట్టించేవాళ్ళం. ఉప్పుగాలికి వారం తిరిగేసరికి మళ్ళీ తుప్పు. సముద్రంతో గెలిచేదేమీ లేదని తెలిసి కూడా రోజూ గోకాం. తొమ్మిదింటికి నేను సెట్టు పెట్టేవాణ్ణి.

"కొండ నుంచి కేంద్రానికి. ఫిరంగులు రెండు. మనుషులు ఐదుగురు. విశేషం లేదు. ఓవర్."

"కేంద్రం. విన్నాను. ఫిరంగులు ఎక్కడికీ పారిపోలేదు కదా? ఓవర్."

"ఇంకా లేదు. ఓవర్."

అవతలి ఆపరేటర్‌ది రోజూ ఇదే పరాచికం. నేను రోజూ ఇదే జవాబు.

నీళ్ళు పట్నం నుంచి ట్యాంకర్లో వచ్చేవి. వాటికి డీజిల్ వాసన. టీ పెడితే లారీ తాగినట్టుండేది. అయితే ఫిరంగి గుంతల వెనక, సిమెంటు చప్టా కింద, పెద్ద నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. భూమిలో గదిలాగా కట్టింది. చప్టా మీద పడిన వానంతా కాలువల గుండా దాంట్లోకి దిగేది. పైన ఇనుప మూత. మూత పక్కన ఎర్రక్షరాలతో బోర్డు: ఉప్పు నీరు, తాగరాదు.

"ఎవరు రాసినారు సాబ్ దీన్ని?" అని హవల్దారును హిందీలో అడిగాను.

"నాకు ముందున్నవాడు చెప్పాడు, ఉప్పు అని. వాడికి వాడి ముందున్నవాడు."

"మీరు రుచి చూసినారా?"

"బోర్డు ఉంది కదా."

వచ్చిన వారానికి ఒక సాయంత్రం చూశాను. పాత ముళ్ళకంచెలో ఒక సందు. అందులోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి లోపలికి వస్తున్నారు. చంకలో బిందెలు. కింద రాళ్ళ ఒడ్డున ముప్పై నలభై ఇళ్ళ పల్లె ఉంది, వలవేసి బతికేవాళ్ళది. వాళ్ళకు ముందు నడుస్తున్న ముసలామె పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. ఎముకల మీద తోలు, ఆ తోలు మీద పచ్చబొట్లు. కొండ ఎక్కినా ఆయాసం లేదు.

"అవ్వా, యాడికి పోతాండారు?" అన్నాను.

ఆమె ఆగి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "యాడేటి? తెలుగు మాటాడు బాబూ."

"తెలుగే. ఎక్కడికి పోతున్నారు అని."

"నీల్లకి. ఉప్పు నీల్లు బాబూ, అంట్లు తోవుకోడానికి. మనిసి తాగితే సచ్చిపోతాడు."

నేను తలూపాను. వాళ్ళు తోడుకుని, బిందెలు నెత్తిన పెట్టుకుని దిగిపోయారు. అక్కడే నిలబడి కొండ కిందికి చూశాను. కనుచూపు మేర ఉప్పు నీళ్ళే. పల్లె గుమ్మం దాకా అలలు వచ్చి పోతున్నాయి. గుమ్మంలో ఉన్న ఉప్పు నీళ్ళు వదిలేసి, ఉప్పు నీళ్ళ కోసం రెండు వందల అడుగుల కొండ ఎక్కేవాళ్ళు ఎవరు?

నాకు నవ్వాగలేదు. ఇది మా అంగడి విద్య. కావలసిన సరుకును మెచ్చుకోకూడదు. చీర నచ్చితే అంచు వెలిసిందనాలి. మేనమామ దగ్గర బేరానికి వచ్చే ఆడవాళ్ళు ఏ చీరను ఎక్కువ తిడితే అదే మడత విప్పి పెట్టమని ఆయన నాకు నేర్పాడు. మూత ఎత్తి, బొక్కెన దింపి, దోసిలి పట్టాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. మా వైపు అలాంటి నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో. మూడు దోసిళ్ళు తాగి అక్కడే కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం కంచె సందు దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"అవ్వా, ఉప్పు బాగుండాది. నాకు రోజుకొక బిందె కావాలి, మా వంటింటి దగ్గర దించి పోవాలి."

పోలమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. గట్టి బేరగత్తె. "నువ్వే తోడుకో. కాదన్నామేటి?"

"నేను తోడితే హవల్దారు చూస్తాడు. చూస్తే అందరికీ తెలుస్తాది. మీరు దించితే అంట్ల నీళ్ళు."

"ఒప్పుకోం. కొండ ఎక్కేది మావు, కూకుని తాగేది నువ్వా?"

"అట్లయితే కంచె సందు మూయించేస్తా."

"మూయించు సూద్దాం."

"రేపే మూయించేస్తా. ముళ్ళ కమ్మీ వస్తాది, మేకులు వస్తాయి."

"సగం బిందె," అంది ఆమె.

"సరే."

వెనకున్న ఆడవాళ్ళు పక్కున నవ్వారు. నేనూ నవ్వాను. మూయించే ఉద్దేశం నాకు లేదని ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. బేరమంటే అదే కదా. ఆ రోజు నుంచి కొండ మీద టీకి టీ రుచి వచ్చింది. డ్రైవరుకు మాత్రం చెప్పాను. గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని వాడు కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా, మా ఊర్లో ఇట్లాంటి నీళ్ళుంటే నేనీడికి వచ్చేవాణ్ణే కాదప్పా."

సగం బిందె దించి పోయేటప్పుడు పోలమ్మ కాసేపు ఫిరంగి నీడలో కూర్చునేది. ఆ బ్యాటరీ చరిత్ర నాకు తెలిసింది ఆమె నోటే. ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. అత్తకు అత్త చెప్పింది.

తెల్లవాళ్ళ కాలంలో, సముద్రం మీద శత్రువుల ఓడలు వస్తాయన్న భయంతో కట్టారట. ఫిరంగులు ఓడలో వచ్చాయి. ఒడ్డున దించడానికి రేవు లేదు. తాటి దుంగలు కట్టి, వాటి మీద దించి, పల్లె మగవాళ్ళందరూ వలల మోకులు కట్టి కొండ మీదికి లాగారు. శత్రువు ఓడ ఒక్కటీ రాలేదు. ఆ ఫిరంగులు ఎవరి మీదా పేలలేదు. కానీ ఒకసారి, సరిగ్గా పనిచేస్తాయో లేదో చూడటానికి పేల్చారు. ఆ అదురుకు పల్లెలో ఒక్క కుండ మిగల్లేదు. మంచి నీళ్ళ కుండ, చల్ల కుండ, చివరికి పురిటింటి కుండ కూడా పగిలింది. పల్లె మొత్తం పెంకులు గంపల్లో వేసుకుని కొండెక్కి తెల్లదొర ముందు కుమ్మరించింది.

"దొర ఏమన్నాడు?"

"కుండలు నాకాడ నేవు, నీల్లున్నాయి, తోడుకోండి అన్నాడంట. అప్పట్నించీ ఈ నీల్లు మావి."

"కాయితం రాసిచ్చినాడా?"

"పెంకులకి కాయితం ఎవుడు రాత్తాడు బాబూ?"

దొర పోయాడు. తర్వాత మన సైన్యం వచ్చింది. వాళ్ళలో ఒక అధికారి నీళ్ళు తియ్యగా ఉన్నాయని కనిపెట్టి, తన మనుషులకు చాలవని మూతకు తాళం వేశాడు. ఆ ఏడు పల్లెలో కలరా వచ్చింది. పోలమ్మ అత్తకు ఇద్దరు పిల్లలు పోయారు. ఆ అధికారి బదిలీ అయ్యాక, కొత్తవాడు రాకముందే పల్లె ఒక కట్టు కట్టుకుంది. పైకి ఎవరొచ్చినా ఉప్పు అనాలి. పసిపిల్లలకు మాటలు వచ్చేటప్పుడే ఆ మాట నేర్పాలి. ఎవరైనా పరీక్షకు వస్తే బొక్కెనలో దోసెడు కల్లుప్పు వేయాలి. ఆ బోర్డు కట్టించింది వాళ్ళ అబద్ధమే. తరాలుగా ఆ నీళ్ళను కాచింది మేము కాదు, ఉప్పు అన్న ఆ మాటే.

మా అంగడి విద్య ఇంత బాగా పనిచేసిన చోటు నేను మరెక్కడా చూడలేదు.

మరుసటి ఎండాకాలం సెట్టు మీద కొత్త మాట వచ్చింది.

"కేంద్రం నుంచి కొండకు. బ్యాటరీ ఎత్తివేత. ఫిరంగులు కోసి తరలించాలి. భూమి లోపలి గదులు, గుంతలు అన్నీ కాంక్రీటుతో మూయాలి. తనిఖీకి అధికారులు వస్తారు. ఓవర్."

"విన్నాను. నీళ్ళ తొట్టి కూడానా? ఓవర్."

"అన్నీ. మనుషులు వాడుతున్న తాగునీరైతే మినహాయింపు. తనిఖీ వాళ్ళు తేలుస్తారు. ఓవర్."

సెట్టు కట్టేసి పరిగెత్తినట్టే పల్లెకు దిగాను. పోలమ్మ గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. అంతా విడమరిచి చెప్పాను. ఈసారి ఉప్పు అనవద్దు, తీపి అని చెప్పాలి, అందరి ముందూ తాగి చూపాలి, అప్పుడు ఈ తొట్టి ఊరికి రాసిస్తారు అన్నాను. లేకపోతే మూసేస్తారు అన్నాను.

ఆమె చేపను తిరగేసింది. "మూయించేత్తావా?"

"నేను కాదవ్వా. పైనుంచి ఆర్డరు."

"పోయినేడాది కూడా మూయించేత్తానన్నావు. కమ్మీ అన్నావు, మేకులు అన్నావు."

"అది బేరం."

"ఇదేటి మరి?"

ఆమె నవ్వింది. దాంట్లో కోపం లేదు. "మంచి నీల్లంటే తాలం ఏత్తారు. ఉప్పు నీల్లంటే ఒగ్గేత్తారు. మా అత్త ఇద్దర్ని పూడ్సి నేర్సుకుంది ఇది. నీకు సగం బిందె సాలకపోతే బిందె అని అడుగు. ఊరికి రాసిచ్చేసే మారాజులా మాటాడకు."

డ్రైవరును తీసుకుని మళ్ళీ వెళ్ళాను. వాడు ఒట్టు వేశాడు. నేను వేశాను. పల్లె మగవాళ్ళతో మాట్లాడాను. వాళ్ళు పోలమ్మ వైపు చూశారు. సగం బిందెకు అంత గొడవ పడ్డ మనిషి తొట్టెడు నీళ్ళు ఊరికే ఇప్పిస్తానంటే ఎవరు నమ్ముతారు? అంగట్లో నా ముందు ఎవరైనా ఇట్లా నిలబడితే నేనూ నమ్మను.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. ఒక మేజరు, ఒక ఇంజనీరు, రాసుకునే గుమాస్తా. పదకొండు గంటలు. చప్టా మీద కాలు పెట్టలేనంత వేడి. ముందే వంటింటి బొక్కెన కడిగి, తుడిచి, కొత్త తాడు కట్టి తెచ్చుకున్నాను. పల్లెవాళ్ళను సాక్ష్యానికి పిలిచారు. పోలమ్మ ముందు నిలబడింది, కొంగు భుజాన కప్పుకుని.

"సార్, ఈ నీళ్ళు తియ్యని నీళ్ళు. ఊరంతా తాగుతుంది," అన్నాను.

మేజరు పోలమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, తాగుతారా?"

"ఉప్పండి బాబూ. అంట్లకి."

"తోడి చూపించండి," అన్నాడు ఇంజనీరు.

నేను తాడు పట్టుకునేలోపే పోలమ్మ చేయి ముందుకొచ్చింది. "ఇలగియ్యి బాబూ, నీకు సేతకాదు." కొంగు కింది నుంచి పిడికిలి బొక్కెన అంచు మీదుగా దాటడం చూశాను. బొక్కెన దిగింది. తాడు లాగింది. ఇంజనీరు గ్లాసు ముంచి ఒక గుక్క నోట్లో పోసుకుని, చప్టా మీద ఉమ్మేశాడు.

"సముద్రమే నయం."

"సార్, ఆమె ఉప్పు కలిపింది. నేను చూశాను. ఇంకొక బొక్కెన తోడనివ్వండి."

మేజరు కనుబొమ్మలు ఎత్తాడు. "తన నీళ్ళలో తనే ఉప్పు కలుపుకుంటుందా? ఎందుకు?"

చెప్పడం మొదలుపెట్టాను. కావలసిన సరుకును మెచ్చుకోకూడదని, తరాల క్రితం తాళం వేశారని, పిల్లలు చచ్చిపోయారని. ఎండలో నిలబడి అవి చెబుతుంటే నాకే పిచ్చిమాటల్లా వినబడ్డాయి. గుమాస్తా రాయడం మానేశాడు.

"నాయక్, నీది ఏ ఊరు?" అన్నాడు ఇంజనీరు.

"అనంతపురం దగ్గర, సార్."

"అదీ సంగతి. మీ వాళ్ళకు ఏ నీళ్ళయినా తియ్యగానే ఉంటాయిలే."

ముగ్గురూ నవ్వారు. హవల్దారు కూడా, అధికారులు నవ్వారు కాబట్టి. బొక్కెనలో మిగిలిన నీళ్ళు ఇంజనీరు చప్టా మీద పారబోశాడు. అవి అట్లాగే ఆవిరైపోయాయి. పోలమ్మ నా వైపు చూసింది. పెద్ద బేరం గెలిచిన మనిషి కళ్ళు. పోతూ పోతూ నా పక్కన ఆగి చెవిలో అంది: "రేపట్నించి బిందె నిండా దించుతాను లే."

కాంక్రీటు పని నాలుగో రోజున మొదలైంది. కంట్రాక్టరు మేస్త్రి సిమెంటు బస్తాలు దించి, తొట్టి మూత ఎత్తి, నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి చూశాడు. అది వాళ్ళకు అలవాటు. "ఫస్టు క్లాసు నీళ్ళు," అని మోటారు దించాడు. ఉప్పు నీళ్ళతో కలిపితే కాంక్రీటు చెడుతుందట. ఆ తొట్టి మూత మీద పోసే కాంక్రీటు ఆ తొట్టి నీళ్ళతోనే కలిపారు.

హవల్దారు ఆ మాట విన్నాడు. నా ముఖం చూడలేదు. "సాబ్, ఒక్కసారి కేంద్రానికి చెప్పండి," అన్నాను. "సంతకాలు అయిపోయాయి," అన్నాడు. నేను సెట్టు దగ్గరికి పోయాను. ఆయన ఆపలేదు. ఆయన చేయగలిగిన సాయం అదే.

"కొండ నుంచి కేంద్రానికి. నీటి పరీక్ష మళ్ళీ చేయమని కోరుతున్నాం. ఓవర్."

"కేంద్రం. ఎవరు కోరుతున్నారు? ఓవర్."

"వైర్‌లెస్ ఆపరేటర్. ఓవర్."

కాసేపు గరగర. "నీకు సెట్టు మీద అధికారం ఉంది, నీళ్ళ మీద లేదు. విశేషం చెప్పు. ఓవర్."

"విశేషం లేదు. ఓవర్."

రోజూ అన్న మాటే. ఆ రోజు అన్నప్పుడు నోరు చేదెక్కింది.

మధ్యాహ్నానికి పల్లె పైకి వచ్చింది. మూత మీద ఇనుప కడ్డీలు పరిచి ఉన్నాయి. పోలమ్మ వాటిని చూసింది. మేస్త్రి డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని, హవల్దారు ముందు నిలబడి గటగటా తాగింది. గడ్డం మీదుగా కారాయి.

"తియ్యటి నీల్లు బాబూ. సూడండి. తాగండి. తేనె బాబూ."

"మొన్న ఉప్పు అన్నావు," అన్నాడు హవల్దారు. ఆయనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ఉప్పు ఒకటి.

"అబద్ధం సెప్పినాను. మావందరం అబద్ధం సెప్పినాం." వెనక ఆడవాళ్ళు తీపి, తీపి అని అరుస్తున్నారు. పుట్టిన దగ్గర్నుంచి పైవాళ్ళ ముందు ఎప్పుడూ అనని మాట. కొందరికి సరిగ్గా పలకడం కూడా రావడం లేదు. ఒక చంటిది మాత్రం తల్లి చంకలోంచి ఉప్పు, ఉప్పు అంటూనే ఉంది. తల్లి దాని నోరు మూసింది.

పోలమ్మ నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా చేయి పట్టుకుంది.

"నువ్వు బేరం సెయ్యి బాబూ. నీకు తెలుసు కదేటి. బిందె తీసుకో."

నేను హవల్దారు వైపు చూశాను.

"రెండు తీసుకో. ఐదు తీసుకో, మా కోడల్లు మోసుకొత్తారు. మొత్తం నీదే బాబూ, మాకు సగం బిందె సాలు. రోజుకి ఊరంతటికీ సగం బిందె."

నేను జీవితంలో ఎన్నో బేరాలు చూశాను. అవతలి మనిషి దిగి, దిగి, నేల మీదికి దిగిపోవడం చూశాను. కానీ ఇచ్చేందుకు నా దగ్గర సరుకే లేకపోవడం అదే మొదలు. "అవ్వా, నా చేతుల్లో లేదు," అన్నాను. ఆమె ఇంకా నమ్మలేదు. ఇంకా తగ్గించడానికి ఏముందా అని వెతుకుతున్నట్టు నా ముఖం చూస్తూనే ఉంది. మేస్త్రి కూలీలకు సైగ చేశాడు. మొదటి తట్ట పడింది.

పగలగొట్టవచ్చు కదా అని ఈ సంగతి విన్నవాళ్ళందరూ అడుగుతారు. మూరెడు మందం, లోపల కడ్డీల జాలీ. చుట్టూ కొత్త కంచె, మా తర్వాత ఆ భూమి తీసుకునే శాఖ వాళ్ళ కాపలా. ఒక రోజు ఇద్దరు కుర్రవాళ్ళు గునపాలతో వచ్చారు. వాళ్ళ మీద కేసు పెట్టారు. మళ్ళీ ఎవరూ రాలేదు. ఊరి పెద్దలు పట్నం పోయి అర్జీ ఇచ్చారు. అర్జీ తీసుకున్నవాళ్ళు తనిఖీ కాగితం చూపించారట: ఉప్పు నీరు, గ్రామస్థుల సాక్ష్యం.

జూన్‌లో గ్యాసు కట్టరుతో ఫిరంగులు కోశారు. ఒక గొట్టాన్ని పట్నంలో నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టడానికి తీసుకుపోయారు. రెండోది తుక్కుకు పోయింది. దాని లోపలి నుంచి గువ్వల గూళ్ళు రాలాయి. పల్లెకు ట్యాంకరు అప్పుడప్పుడు వచ్చేది, సరుగుడు తోటల దగ్గరే ఆగేది. ముందు చంటిపిల్లలున్న ఇళ్ళు ఖాళీ అయ్యాయి. తర్వాత పడవలున్నవాళ్ళు రేవు దగ్గరికి మారారు. సెప్టెంబరుకు పన్నెండు పొయ్యిల పొగ మాత్రమే లేచేది. పోలమ్మ కొడుకులు పోయారు. ఆమె పోలేదు. నా ముందు నుంచి పోయినా తల తిప్పేది కాదు. తిడితే బాగుండేది.

అక్టోబరులో వానల మధ్య మాకు కదలమని ఆర్డరు వచ్చింది. చివరిసారి సెట్టు పెట్టాను. "కొండ నుంచి కేంద్రానికి. ఫిరంగులు లేవు. మనుషులు ఐదుగురు. బయలుదేరుతున్నాం. ఓవర్." అవతలివాడు ఆ రోజు పరాచికం ఆడలేదు.

రైలు గుత్తిలో తెల్లవారి ఆరింటికి దింపింది. కోట మీద ఎండ అప్పుడే పడుతోంది. బస్సు కిటికీ బయట ఎండిన శనక్కాయ చేలు, రెండు చోట్ల కొత్త బోర్లు వేసే లారీలు, బోరు గొట్టం నుంచి నీళ్ళు కాక తెల్లటి దుమ్ము. ఆ తర్వాత కొద్ది కాలానికే నా సర్వీసు ముగిసింది. ఇప్పుడు నాయన అంగడి నేను చూసుకుంటున్నాను. చింతపండు పక్కన నీళ్ళ క్యాన్లు అమ్ముతాను. అందులో బేరం ఆడను. చెప్పిన ధరకు ఇచ్చేస్తాను. జనం అనుమానంగా చూస్తారు.

"అన్నా, నిజం చెప్పు. శత్రువును చూసినావా?" అని అడుగుతారు.

"లేదప్పా."

"మరి అన్నేండ్లు ఏం చేసినావు?"

"తుప్పు గోకినా."

నవ్వుతారు. మంచిదే. చెప్పలేనిది ఒకటుంది. మేము కొండ దిగిన రోజు, సరుగుడు తోటలు దాటి రోడ్డు ఒడ్డు వెంబడి వంపు తిరిగే చోట సామాను తాడు వదులైందని డ్రైవరు లారీ ఆపాడు. వాన కురుస్తోంది. అక్కడి నుంచి కొండ సముద్రపు ముఖం కనబడుతుంది. మేము ఇన్నాళ్ళూ చూడని వైపు. కట్టినవాళ్ళు తొట్టికి పొర్లు గొట్టం ఒకటి పెట్టారు, కొండ గోడలోంచి సముద్రం మీదికి. మూత మూశారు గానీ కాలువలు మూయలేదు. వాన లోపలికి దిగుతూనే ఉంది. నిండిన తొట్టి నుంచి ఆ తియ్యటి నీళ్ళు సన్నటి ధారగా, అంత ఎత్తు నుంచి సముద్రంలోకి పడుతున్నాయి.

"అన్నా, ఆడ జూడు," అన్నాడు డ్రైవరు.

ధార కింద ఒక తెప్ప. ఒకడు తెడ్డు వేస్తున్నాడు. తెప్ప మధ్యలో పోలమ్మ, రెండు చేతులతో బిందెను నెత్తి పైకి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. గాలికి ధార అటు పోయింది. ఆమె అటు తిరిగింది. అల వచ్చి తెప్పను రాళ్ళ వైపు తోసింది, దాని తుంపర బిందెలో పడింది. తెడ్డు వేసేవాడు వెనక్కి లాగాడు. ఆమె బిందె దించి, లోపలికి చూసి, నాలుకకు తగిలించుకుని, సముద్రంలోకి ఒంపేసింది. మళ్ళీ ఎత్తింది.